గాషె మెల్కాము మోచెయ్యి

గాషె మెల్కాముకి ఎదురుగా ఉన్నదాన్ని ఎదురుగా ఫొటో తీయడం చేతకాదు. తీస్తే చుట్టూ తీయాలి. "కోట ముందు నన్నొక్కణ్ణీ తియ్యి గాషే" అని ఎవరైనా ముచ్చటపడి నిలబడితే కోట వచ్చేది, కోట పక్క యూకలిప్టస్ చెట్లు వచ్చేవి, చెట్ల కింద ఒళ్లు గోక్కుంటున్న గాడిద వచ్చేది, అవతల వీధిలో మిరపకాయలు ఆరబోసుకుంటున్న ఇల్లాలు వచ్చేది. డబ్బిచ్చిన మనిషి మాత్రం మధ్యలో ఎక్కడో కాఫీ గింజంత ఉండేవాడు. ఇది చాలదన్నట్టు ప్రతి ఫొటోకీ కుడి చివర మెల్కాము మోచెయ్యి ఉండేది.

మోచెయ్యి లేకపోతే టోపీ. టోపీ కింద ఒక్కోసారి చెవి. ఇథియోపియాలోని గొందార్ పట్టణంలో గోడకి పొడుగు ఫొటో వేలాడే ప్రతి ఇంట్లోనూ ఆయన ముక్క ఏదో ఒకటి ఉండేది. ఆ ముక్కలన్నీ పోగుచేస్తే ఇంకో మెల్కాము తయారవుతాడని పియాసా బజారు కాఫీకొట్లలో నవ్వుకునేవాళ్లు. "వద్దు బాబూ, ఉన్న ఒక్కడితోనే వేగలేకపోతున్నాం" అనేది ఎత్యే తవాబెచ్.

తవాబెచ్ ఆయన పక్కింటావిడ. అక్కడ పెద్దాయన్ని గాషె అనీ, పెద్దావిడని ఎత్యే అనీ పిలుస్తారు. ఇద్దరికీ మధ్య ఒకే మట్టిగోడ. ఆమె వాకిట్లో బార్లీతో తెల్లా అనే నాటు బీరు కాచి అమ్మేది. పేటలో ఎవరైనా పోతే నలుగురూ కలిసి చావు జరిపించే సంఘం ఉంది, ఇద్దిర్ అంటారు. దాని గుడారం, బల్లలు, వంటపాత్రలు ఆమె ఇంట్లోనే ఉండేవి. అందుకని పేటలో ఆమె మాటంటే అందరికీ భయం. రేపు ఎవరికైనా ఆ గుడారంతో పని పడాల్సిందే కదా. ఆ మాటకి భయపడనివాడు మెల్కాము ఒక్కడే.

ఆ కెమెరా ఊరు వదిలి వెళ్లిపోతున్న ఒక ఆర్మీనియా ఫొటోగ్రాఫరు దగ్గర కొన్నది. దూడంత బరువు. మూడుకాళ్ల పీట మీద నిలబెట్టి, తాళంచెవి తిప్పి వదిలితే తిరగలిలా గుర్రుగుర్రుమంటూ తన చుట్టూ తాను ఒక పూర్తి చుట్టు తిరిగేది. తిరిగినంతసేపూ ఎదురుపడినదాన్నల్లా లోపలి ఫిల్ము మింగుతూ పోయేది. అన్ని కెమెరాలకీ ముందూ వెనకా ఉంటాయి. దీనికి వెనక అనేది లేదు. కొట్టు చూస్తే ఆ పీట కాళ్లు పూర్తిగా చాపితే తలుపు మూసుకోనంత ఇరుకు. తా దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టుండేది ఆయన వ్యవహారం.

కెమెరా తిరగడం మొదలెట్టాక ఆయన చేసే పని చూడ్డానికే సగం ఊరు చేరేది. ముందు "కదలకండి! మెడ తిప్పకండి!" అని ఒక కేక పెట్టేవాడు. ఆ తర్వాత కెమెరా కంటికి అందకుండా నడుం వంచి, బాతులా అడుగులేస్తూ, దానికంటే ముందు పరిగెత్తేవాడు. చుట్టు పూర్తవుతుందనగా అటుపక్క ఊరికే చూస్తూ నిలబడ్డ కూలీల మీదికో బిచ్చగాళ్ల మీదికో చెయ్యి చాపుకుంటూ పోయేవాడు. ఫొటోకి అడ్డం రాకుండా వాళ్లని తరుముతున్నాడని అందరూ అనుకునేవాళ్లు. ఆ తరమడంలో ఆలస్యమై పాపం తన మోచెయ్యే ఫొటోలో ఇరుక్కుంటుందని జాలిపడేవాళ్లు కూడా ఉండేవారు.

"ఎందుకయ్యా ఆ పేదవాళ్లని తరుముతావు?" అని తవాబెచ్ ఒకసారి గట్టిగానే అడిగింది. "చూస్తే నీ సొమ్మేం పోయింది?"

మెల్కాము నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఊరుకునే మనిషితో పోట్లాడటమంటే ఆమెకి అరికాలిమంట నెత్తికెక్కేది.

ఒక ఏడాది పేటలో అందరూ గుర్తింపు కార్డులు తీసుకోవాలన్నారు. తవాబెచ్ పోయిపోయి పక్కకొట్టుకే పోయింది. పక్కనే ఉన్న మనిషి కదా, మొహమాటం. కార్డులు రాసే గుమాస్తా ఆమె ఇచ్చిన ఫొటో చుట్ట విప్పడం మొదలెట్టాడు. బల్ల అయిపోయింది, చుట్ట అయిపోలేదు. రెండో కొసని వరసలో నిలబడ్డ మనిషికిచ్చి పట్టుకోమన్నాడు.

"ఇందులో మీరెక్కడమ్మా?"

"కోటకీ గాడిదకీ మధ్య."

"ఇదా?"

"అది గాడిద నాయనా. నేను ఇటుపక్క."

"మరి ఈ చివర మోచెయ్యి?"

"అది మా పక్కింటాయనది. ఆయనకీ ఒక కార్డు రాసెయ్యి, పుణ్యముంటుంది."

ఆ చుట్ట తెచ్చి మెల్కాము కొట్లో విసిరికొట్టింది. "ఏమయ్యోయ్! నా మొహం ఒక్కటీ తియ్యమంటే ఊరేగింపు తీశావేం?"

"నువ్వు ఎదురుగానే ఉన్నావు కదా ఎత్యే."

"ఉంటే?"

"ఎదురుగా ఉన్నది ఎటూ పోదు. పక్కనున్నదే పోతుంది." అనేసి ఆయన ఫిల్ము కడుక్కోవడంలో పడ్డాడు. ఏం అడిగినా ఆఖరికి ఆ మాటే చెప్పేవాడు. అదేదో పెద్ద వేదాంతం అనుకుని కొందరు తలూపేవారు. తవాబెచ్ మాత్రం తలూపలేదు, తలుపు ధడాలున వేసింది.

హోటల్ యజమాని అతో బెలాయ్‌ది, అంటే బెలాయ్ గారిది, ఇంకో గోల. యాత్రికులు విమానాల మీద దిగే మంచిరోజుల్లో ఆయన తన భోజనాల గదిలో పెట్టడానికి కోట ఫొటో ఒకటి తీయించాడు. బురుజుల ముందు తానూ, తన భార్యా, తన కొత్త కారూ. ఆ ఫొటో ఒక గోడకి సరిపోక పక్కగోడ ఎక్కింది, అక్కణ్ణుంచి వంటింటి తలుపు పక్కకొచ్చి ఆగింది. ఆగినచోట మోచెయ్యి. వడ్డించేవాళ్లు పళ్లాలు పట్టుకుని బయటికొచ్చినప్పుడల్లా ఆ మోచెయ్యే వాళ్లని తోసినట్టుండేది.

"కోటకి డబ్బిచ్చాను గానీ నీ మోచేతికి కాదు. కత్తిరించి పారెయ్" అన్నాడు బెలాయ్.

"కత్తిరించాకే ఇది అయ్యా" అన్నాడు మెల్కాము.

"అయితే ఇంకాస్త కత్తిరించు!"

"ఇంకాస్త కత్తిరిస్తే మీ కారు టైరు పోతుంది."

బెలాయ్ ఆ రోజు నుంచి కనబడ్డవాళ్లందరికీ ఈ కథ చెప్పేవాడు. తర్వాత ప్రభుత్వం మారింది, విమానాలు తగ్గాయి, యాత్రికులు రావడం మానేశారు. ఖాళీ బల్లల మధ్య బెలాయ్ ఒక్కడే కూచుని ఆ మోచేతికేసి చూస్తూ కాఫీ తాగేవాడు. తిట్టడానికైనా ఒక మనిషి ఆనవాలు ఉండాలి కదా. కారు అమ్మేశాడు. ఫొటోలో మాత్రం ఉండిపోయింది.

తానా సరస్సు లంకల్లో పాతకాలపు మఠాలున్నాయి. వాటిలో ఒకదాంట్లోకి ఆడవాళ్లని రానివ్వరు. కోడిపుంజుని రానిస్తారు గానీ పెట్టని రానివ్వరని తవాబెచ్ ఉడుక్కునేది. చచ్చేలోగా లోపల ఏముందో చూడాలని ఆమెకి చిన్నప్పటినుంచీ ఒక కోరిక. ఒకసారి మెల్కాము ఆ మఠం ఫొటో తీయడానికి వెళ్తున్నాడని తెలిసి, దారిలో తినడానికి వేయించిన బార్లీ మూటకట్టి ఇచ్చి, మొహమాటం చంపుకుని అడిగింది. "ఈసారికైనా ఎదురుగా తియ్యి నాయనా. గుడి చాలు. నాకు గాడిదలొద్దు."

జమ్ము తెప్ప మీద ఆ దూడంత కెమెరాని ఎక్కించుకుని వెళ్లి, తెప్ప తిరగబడకుండా తిరిగొచ్చాడు. అదే ఒక అద్భుతం. ఫొటో తెచ్చి ఆమె వాకిట్లో పరిచాడు. గుడి జానెడుంది. మిగతాదంతా నీళ్లు, జమ్ము, తేనెపట్టు, దండెం మీద ఆరేసిన సన్యాసుల పంచెలు. చివర షరా మామూలే. ఈసారి మోచేతితోపాటు టోపీ, టోపీ కింద చెవి కూడా.

"ఈ చెవి మఠానిదా?"

"కాదు, నాదే."

"మఠంలో నీ చెవెందుకయ్యా?"

"గంట వినడానికి."

ఆమె తిట్టిన తిట్లకి గోడ అవతల ఉన్న కోడి కూడా గుడ్డు పెట్టడం మానేసింది. కానీ ఆ ఫొటోని మంచం పక్క గోడకి అంటించుకుంది. రాత్రి దీపం ఆర్పేముందు ఆ దండెం మీది పంచెల్ని చూసి, ఇవాళ సన్యాసుల బట్టలు ఆరాయి అనుకుని పడుకునేది. గుడి లోపల ఏముందో గానీ సన్యాసులు కూడా బట్టలు ఉతుక్కుంటారని తెలిసింది. అది తెలియడం ఎందుకో ఆమెకి బాగుండేది.

ఆ లంకకి ఎదురొడ్డున ఒక పల్లెలో మెల్కాము చెల్లెలు వుదె ఉండేది. మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు, వాడు ఆ మఠంలోనే చేరాడు. లోకం వదిలానని ఒడ్డుకి రాడు, ఆడదని ఆమెని లంకకి రానివ్వరు. అన్న వెళ్లొచ్చిన ఏడాది వాడి ఫొటో ఒకటి పంపాడు. తన ఫొటో మాత్రం పంపలేదు. పడవవాళ్లు సంతకొచ్చినప్పుడల్లా ఆమె కబురు పట్టుకొచ్చేవాళ్లు. "అందరి ఫొటోలూ తీస్తావట గదా అన్నా, నీది ఒక్కటి పంపరాదా? నువ్వెలా ఉన్నావో మర్చిపోతున్నాను."

"పంపాను. సరిగ్గా చూడమను" అనేవాడు మెల్కాము.

"ఎప్పుడు పంపావయ్యా?" అని తవాబెచ్ గోడ మీంచి తల పెట్టేది. "ఉన్న ఒక్క చెల్లెలికి ఒక్క ఫొటో పంపడానికి నీకేం రోగం? అబద్ధాలొకటా పైగా!"

"పంపాను ఎత్యే."

"నీ మొహం పంపావు!"

"మొహం పంపలేదు" అని ఒప్పుకునేవాడు.

వానల హమ్లె నెల వచ్చింది. ఆ నెలలో గొందార్‌కి ఆకాశం ఉండదు, తడిసిన దుప్పటి ఒకటి ఉంటుంది. దగ్గుతో మొదలై, దగ్గుతోనే మెల్కాము పోయాడు. గోడ అవతల రోజూ వినిపించే దగ్గు ఒక ఉదయం వినిపించకపోయేసరికి తవాబెచ్ చేతిలో కడవ దించేసి అటు పరిగెత్తింది. కొట్లో కుర్చీలో కూచునే ఉన్నాడు, టోపీ ఒళ్లో పెట్టుకుని. జీవితంలో మొదటిసారి కదలకుండా కూచున్నాడు. వానలోనే చర్చి తోటలో పూడ్చారు. ఉన్న ఒక్క కోటుతో, ఆ టోపీతోనే పూడ్చారు.

పూడ్చి వచ్చి గుడారం వేశాక గానీ ఎవరికీ అసలు సంగతి తట్టలేదు. చావు గుడారంలో పోయినవాడి ఫొటో ఉండాలి. దగ్గరివాళ్లు దాన్ని గుండెకి పట్టుకుని, వచ్చినవాళ్లకి చూపించి చూపించి ఏడవాలి. ఏడుపుకైనా ఒక ఆసరా కావాలి, ఖాళీ చేతులతో ఎవరేడుస్తారు? ఫొటో లేని నిరుపేదలకి బట్టలైనా పట్టుకుంటారు. మెల్కాముకి బట్టలు కూడా మిగల్లేదు. వుదెకి కబురు వెళ్లింది. బురదదారుల్లో మూడో రోజుకి గానీ రాలేదు. బతికుండగా ఫొటో ఫొటో అని అడిగి అడిగి దక్కించుకోలేని మనిషి, ఇప్పుడొచ్చి గుడారంలో ఏం చూసి ఏడుస్తుంది?

"ఊరందరికీ ఫొటోలు తీసిన మనిషి చావుకి ఫొటో లేదంటే ఈ ఇద్దిర్ పరువేం కావాలి?" అంది తవాబెచ్. పరువన్నది పైమాట. లోపల ఆమెకి వుదె ఖాళీ చేతులే కనబడుతున్నాయి.

కొట్టంతా వెతికారు. పెట్టెల నిండా చుట్టలు. కోట, చర్చి గోపురం, సంత, మఠాలు, సరస్సు. ఊరు ఊరంతా ఉంది, ఊరిని తీసినవాడు లేడు.

"కెమెరానే పెడదాం. ఆయన గుర్తే కదా" అన్నాడు బెలాయ్.

"దాన్ని గుండెకి హత్తుకుని ఏడవమంటావా ఆ ముసలిదాన్ని? దూడంత బరువుంది. ఒక గుడారంలో రెండో శవం లేస్తుంది."

"పోనీ ఆయనకి దగ్గర పోలికలున్నవాళ్లెవరైనా..."

"నోరు మూసుకుని కాఫీ తాగు బెలాయ్."

గుడారం చిల్లు లోంచి నీటిబొట్టు ఒకటి బెలాయ్ కాఫీలో పడింది. ఆయన దాన్నీ తాగాడు. అప్పుడు తవాబెచ్‌కి కాఫీకొట్ల జోకు గుర్తొచ్చింది. అందరిళ్లలోనూ ఉన్న ముక్కలన్నీ పోగుచేస్తే? నవ్వుకోడానికి అన్న మాటే, కానీ మునిగేవాడికి గడ్డిపోచ. ఫొటో ఉన్నవాళ్లంతా ఫొటోలు పట్టుకుని గుడారానికి రావాలని పేటంతా కబురు పెట్టింది.

వచ్చారు. గాబీ దుప్పట్ల కింద, చంకల్లో, ఇంజెరా రొట్టెల బుట్టల్లో చుట్టలు దాచుకుని వానలో నడిచొచ్చారు. బల్లల మీద వరసగా విప్పారు. మోచేతులకి కొదవ లేదు. టోపీలున్నాయి, చెవులున్నాయి. మొహం ఒక్కటీ లేదు. కత్తెర చేతిలోకి తీసుకుని తవాబెచ్ మొదటి మోచేతి దగ్గరికి వంగింది.

"ఎత్యే, ఎత్యే! దీంట్లో మా అమ్మ ఉంది" అంది ఆ ఫొటో తెచ్చిన పిల్ల.

"అమ్మ ఆ చివరుందే. ఈ చివర ఇంత కత్తిరిస్తా."

"వద్దు. ఇంతకాలం మోచేతితోనే చూశాం. అది తీసేస్తే వేరే ఫొటోలా ఉంటుంది."

రెండోవాళ్లూ అదే మాట. మూడోవాళ్లు ఫొటో చుట్టేసుకుని గుండెకి పెట్టుకున్నారు. తవాబెచ్ విసుగెత్తి బెలాయ్ వైపు తిరిగింది. "నువ్వు తే. నీ పీడ వదిలిస్తా. ఎన్నాళ్లనుంచో కత్తిరించమంటున్నావు గదా."

బెలాయ్ తన చుట్టని వీపు వెనక దాచుకున్నాడు. "నా ఫొటో జోలికి రాకు తల్లీ. కోట... కోట పాడైపోతుంది."

"కోట అక్కడే ఉందయ్యా, పోయి చూసుకో!"

"కారు లేదు గదా అక్కడ" అన్నాడు మెల్లగా.  తవాబెచ్ కత్తెర బల్ల మీద పెట్టి కూలబడింది. బయట వాన, లోపల వాసనొచ్చే తడి గాబీలు, బల్లల మీద తల లేని మోచేతులు. ఇంతకంటే దిక్కుమాలిన చావు గుడారం ఆ పేటలో ఎవరూ చూడలేదు.

అప్పుడే గుడారం గుంజ దగ్గర ఎవరో నిలబడి ఉండటం ఆమె చూసింది. దింకె. కొండ మీంచి కట్టెలమోపు తెచ్చి సంతలో అమ్ముకునే మనిషి. మోపు బయట దించింది. లోపలికి రావడానికి జంకుతూ, నెతెలా పైబట్ట కొంగులోంచి ప్లాస్టిక్ సంచీలో చుట్టిన ఒక చిన్న ముక్క తీసింది.

"ఫొటోలున్నవాళ్లు రమ్మన్నారట. నాది చిన్నది ఎత్యే. పనికొస్తుందో రాదో."

అరచెయ్యంత ముక్క. అందులో ఆమె మొగుడు. సంతలో బస్తాలు మోసేవాడు, పోయి చాలాకాలమైంది. వాడి చావుకి గుడారం వేయించింది తవాబెచ్చే. పూటకి గతిలేని ఇల్లు, ఈ ఫొటో ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆ రోజే అనుకుంది కూడా. ఫొటోలో వాడు పక్కకి తప్పుకోబోతున్నట్టు ఒక కాలు ఎత్తి ఉన్నాడు. వాడి భుజాన్ని ఎవరిదో చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"ఈ చెయ్యెవరిదే?"

"గాషెది. మావాడు ఊరికే చూస్తూ నిలబడ్డాట్ట. కెమెరా గిర్రున తనవైపు తిరిగేసరికి, గొప్పవాళ్ల ఫొటో పాడుచేస్తున్నానని భయపడి పారిపోబోయాట్ట. గాషె పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుని, కదలకు, కదలకు అన్నాట్ట. తర్వాత ఈ ముక్క ఇంటికి తెచ్చిచ్చాడు. పైసా తీసుకోలేదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. తమ ఫిల్ము మీద నిన్ను తీశానని తెలిస్తే వాళ్లు ఊరుకోరు అన్నాడు." దింకె బెలాయ్ వైపు చూసి చటుక్కున తల దించుకుంది.

తవాబెచ్ ఆ ముక్కని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. ఆ చేతి కోటుకి ఒక అతుకుంది. చారల గుడ్డ. పిండిబస్తా చింపి తనే వేసిన అతుకు. చలికాలంలో మోచెయ్యి బయటికొచ్చి ఉంటే చూడలేక, తిట్టుకుంటూ కుట్టింది. అతుకు సగమే ఉంది, మిగతా సగం కత్తెరకి పోయింది.

"బెలాయ్! నీ కోట ఇటు తే!"

ఆ గొంతుకి బెలాయ్ మారు మాట్లాడకుండా తెచ్చాడు. కోట, భార్య, కారు, కారు పక్కన మోచెయ్యి, దాని మీద చారల గుడ్డ సగం. తవాబెచ్ దింకె ముక్కని తెచ్చి ఆ అంచుకి ఆనించింది. చారకి చార కలిసింది. కారు దగ్గర మొదలైన చెయ్యి వెళ్లి బస్తాలు మోసేవాడి భుజం మీద ఆగింది.

 పేటవాళ్లు ఇన్నాళ్లూ తరమడం అనుకున్నది పట్టుకోవడం. ఆలస్యమై ఇరుక్కున్న మోచెయ్యి కాదది. డబ్బివ్వని మనిషిని, డబ్బిచ్చినవాళ్ల ఫిల్ము మీద, పారిపోకుండా పట్టుకున్న చెయ్యి. తర్వాత ఫొటోని రెండు ముక్కలు చెయ్యాల్సి వచ్చినప్పుడు ఇటువాళ్ల మీంచీ కత్తెర పోనివ్వలేదు, అటువాళ్ల మీంచీ పోనివ్వలేదు. తన చేతి మీంచే పోనిచ్చాడు.

"నా ఫిల్ము మీద" అన్నాడు బెలాయ్. కోపంగా అందామనుకున్నట్టున్నాడు, కానీ చారలు కలిసినచోట వేలితో తడిమాడు.

దింకె వెళ్లి తనవాళ్లకి చెప్పింది. సాయంత్రానికి వాళ్లు రావడం మొదలెట్టారు. చర్చి గుమ్మం దగ్గర అడుక్కునే గుడ్డాయన, వాగులో బట్టలుతికేవాళ్లు, గాడిదల మీద నీళ్లు తోలేవాడు. ఒక్కొక్కరి దగ్గరా అరచెయ్యంత ముక్క. కొందరివి తల్లివి, కొందరివి పోయిన బిడ్డవి. ప్రతి భుజం మీదా అదే చెయ్యి. ఒకదాన్నీ కత్తిరించక్కర్లేకపోయింది. ఏ మోచేతికి ఏ చెయ్యో వెతికి పక్కపక్కన పెట్టి, పిండి ఉడకేసిన జిగురుతో అంటించుకుంటూ పోయారు. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు ఊరంతటి పేదరికమూ ఆ పూట ఆ గుడారంలోనే తేలింది. బల్లలు చాలక గుడారం గోడల వెంబడి గుడ్డకి కట్టారు.

మూడో రోజు మధ్యాహ్నం వుదె వచ్చింది. మోకాళ్లదాకా బురద. గుడారంలోకి రాగానే చేతులు చాపి, "ఏడీ మా అన్న? ఫొటో ఏదీ?" అంది.

తవాబెచ్ ఆమెని పట్టుకుని గోడ వెంబడి నడిపించింది. ఇదిగో ఈ చెయ్యి, ఇదిగో ఈ మోచెయ్యి అని చూపిస్తూ జరిగిందంతా చెప్పింది. వుదె ప్రతి చేతినీ తాకి ముందుకెళ్లింది. ఒకచోట ఆగింది. సరస్సు, జమ్ము, జానెడు గుడి, దండెం మీద పంచెలు. తవాబెచ్ మంచం పక్క ఫొటో. చివర టోపీ, చెవి, మోచెయ్యి. దాని పక్కన ఖాళీ.

"దీనికి జత దొరకలేదమ్మా. ఆ లంకలో ఎవరిని పట్టుకున్నాడో ఏమో" అంది తవాబెచ్.

వుదె మెడలో వేలాడే చిన్న తోలుసంచీ విప్పింది. లోపలున్నది మడతల దగ్గర తెల్లబడింది. కుర్ర సన్యాసి ఒకడు, మొహం పక్కకి తిప్పుకోబోతూ ఆగిపోయాడు. వాడి భుజం మీద చెయ్యి.

"నా కొడుకు. లోకం వదిలాక ఫొటో ఏంటని వీడు ఒప్పుకోలేదట. ఈ చెయ్యి ఏ సన్యాసిదో అనుకున్నాను. ఎవరో మహానుభావుడు, నా బిడ్డ నా కళ్లబడేదాకా పట్టుకుని ఆపాడు అని రోజూ దండం పెట్టుకున్నాను."

ముక్క తీసుకెళ్లి ఖాళీలో ఆనించింది. కుదిరింది.

"పంపాను, సరిగ్గా చూడమను అనేవాడు" అంది తవాబెచ్. "నేను అబద్ధాలకోరు అని తిట్టాను."

వుదె అప్పుడు ఏడ్చింది. గోడకి నుదురు ఆనించి, ఆ చేతిని తడుముతూ ఏడ్చింది. చాలాసేపయ్యాక ముక్కు చీదుకుని, మొత్తాన్నీ ఇటునుంచి అటుదాకా చూసింది.

"అయినా మొహం మాత్రం ఎక్కడా లేదే" అన్నాడు బెలాయ్, ఓదార్పుగా ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మొహానిదేముంది నాయనా" అంది వుదె. "మా ఇద్దరిదీ ఒకటే ముక్కు. అద్దంలో చూసుకుంటా."

గుడారంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది వుదే. అది చూసి మిగతావాళ్లు నవ్వారు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

"మరి దీన్ని పట్టుకుని ఏడవాలి గదా. ఇంత పొడుగు నేనొక్కదాన్నీ ఎలా పట్టుకోను?" అందామె.

ఒక్కరు పట్టుకునేది కాదది. తవాబెచ్ అందరినీ లేపింది. గుడ్డ నుంచి విప్పి తలో చెయ్యీ వేశారు. కోట ఒకరి చేతిలో, సరస్సు ఒకరి చేతిలో. పట్టుకుంటూ పోతే గుడారం చుట్టూ పూర్తి చుట్టు వచ్చి మొదటికి కలిసింది. మధ్యలో వుదె నిలబడి తిరిగి తిరిగి చూస్తూ అన్న పేరు పెట్టి ఏడ్చింది. ఎటు తిరిగినా ఎదురుగానే ఉంది.

తవాబెచ్‌కి ఒక పక్క బెలాయ్, ఇంకో పక్క దింకె వచ్చారు. పేటలోని పెద్దింటి ఆడవాళ్ల మధ్య తన చిరుగుల నెతెలా చూసుకుని దింకె తను పట్టుకున్న కొస వదిలేసి మెల్లగా వెనక్కి జరగబోయింది.

తవాబెచ్ ఒక చేత్తో ఫొటో పట్టుకునే, రెండో చెయ్యి చాపి దింకె భుజం పట్టుకుంది. "కదలకు!"

ఆ ఊపుకి ఫొటో పట్టుకున్న చేతి మోచెయ్యి వెళ్లి బెలాయ్ పొట్టలో గట్టిగా గుచ్చుకుంది. ఆయన కుయ్యిమన్నాడు.

"ఏం?" అంది తవాబెచ్, అటు చూడకుండానే.

బెలాయ్ ఆ మోచేతికేసి చూసుకున్నాడు. కోట పట్టుకున్న చెయ్యి వదలకుండా, పొట్ట కాస్త లోపలికి లాక్కున్నాడు.

"ఏం లేదమ్మా" అన్నాడు. "ఉండనీ."